ఎర్ర సంచీ

"ఇంకా ఎంతసేపమ్మా? ఐదూ ఇరవై అయింది!"

టైమ్‌కీపర్ స్నానాలగది తలుపు కొట్టడం అది మూడోసారి. లోపలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. నీళ్ళు పడుతున్న చప్పుడు మాత్రం ఆగకుండా వస్తోంది.

బస్సు డిపోలో ఇరవై రెండేళ్ళుగా బస్సులు వచ్చే వేళా పోయే వేళా రాసే మనిషి అతను. బస్సు ఆలస్యంగా వస్తే డ్రైవర్ మొహం చూడడు, గడియారం చూస్తాడు. ఇంట్లోనూ అంతే. ఇప్పుడు మెడలో స్టాప్‌వాచ్ వేలాడుతోంది, భుజం మీద తువ్వాలు, చేతిలో గ్లూకోజు కలిపిన నీళ్ళ సీసా. రేపు పొద్దున్నే కూతురికి అగ్నిమాపక దళం ఉద్యోగానికి పెట్టే పరుగు పరీక్ష. పదహారు వందల మీటర్లు, ఎనిమిది నిమిషాలు. ఆ ఎనిమిది నిమిషాల కోసం తండ్రీ కూతుళ్ళు పదకొండు నెలలుగా కోడి కంటే ముందు లేస్తున్నారు. డిపో క్వార్టర్స్ చుట్టూ ఒక రౌండు సరిగ్గా నాలుగు వందల మీటర్లు. స్కూటర్ మీద తిరిగి కొలిచి మరీ చెప్పాడాయన.

"నలభై నిమిషాలైంది లోపలికెళ్ళి," అన్నాడు వంటింటి వైపు తిరిగి. "నీ కూతురు స్నానం చేస్తోందా, గోడలు కడుగుతోందా?"

ఆవిరక్క పాలగిన్నె మీంచి చూపు తిప్పలేదు. కూతురు లోపల ఏం చేస్తోందో ఆవిడకు తెలుసు. చన్నీళ్ళు పోసుకుంటోంది. చెంబు మీద చెంబు, ఒళ్ళు మొద్దుబారేదాకా. ఆ చెంబుల లెక్క వింటూ నిలబడటం తప్ప మూడు రోజులుగా ఆవిడకు ఇంకేం చెయ్యాలో తోచడం లేదు.

ఆవిరక్క అన్నది పెద్దాసుపత్రి లాండ్రీలో వాళ్ళు పెట్టిన పేరు. ఇన్‌ఛార్జి అయ్యాక కూడా ఆ పేరు వదల్లేదు. ఆవిరి పట్టని దుప్పటిని ఆవిడ దుప్పటిగా ఒప్పుకోదు.

తలుపు తెరుచుకుంది. ఇరవై ఏళ్ళ పిల్ల, వెదురుబద్దలా పొడుగు. నాలుగు నెలల కిందట కొన్న ట్రాక్ ప్యాంటు నడుం దగ్గర పిన్నీసు పెడితే తప్ప నిలవడం లేదు. వాళ్ళ నాన్న ఆ పిన్నీసు చూసి పొంగిపోయేవాడు, పరిగెత్తే ఒళ్ళంటే ఇలా ఉండాలని. ఆ పిల్లని ముద్దుగా "గుర్రం" అని పిలిచేది కూడా ఆయనే.

"ఇవాళ నేను రాను నాన్నా."

"ఏంటీ?"

"రాను."

"రేపు పరీక్ష పెట్టుకుని ఇవాళ రానంటావా? పోయిన నెల ఏడూ పది పరిగెత్తావు. పోయిన వారం ఏడూ యాభై. నిన్న ఎనిమిదీ నలభై. నువ్వు బస్సయితే ఈపాటికి షెడ్డుకు పంపేవాణ్ణి."

"పంపెయ్యి మరి."

టైమ్‌కీపర్ భార్య వైపు చూశాడు. పిల్ల కూడా తల్లి వైపే చూసింది. చెప్పవా, అన్నట్టుంది ఆ చూపు.

"ఒంట్లో బాలేదండీ దానికి," అంది ఆవిరక్క. "ఒక్క రోజుకు వదిలెయ్యండి."

"ఏం బాలేదు?"

"ఆడవాళ్ళ సంగతి."

ఆ రెండు మాటలూ చెవిన పడితే చాలు, ఆయన చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్ళిపోయేవాడు ఇన్నేళ్ళూ. ఇవాళ కదల్లేదు.

"మూడు వారాల నుంచీ ఆడవాళ్ళ సంగతేనా? నేనేం చిన్నపిల్లాణ్ణా?" గొంతు పెరిగింది. "దీని మనసు పరుగు మీద లేదు. ఇంకెక్కడో ఉంది. కోచింగ్‌లో ఎవడైనా ఉంటే చెప్పమను, ఈ స్టాప్‌వాచ్ తీసి పారేస్తాను."

పిల్ల నవ్వింది. ఆ నవ్వు వినడానికి బాగాలేదు.

"ఎవడూ లేడు నాన్నా. నేను కూర్చోలేకపోతున్నాను. నడవలేకపోతున్నాను. నాకు కింద..."

"నోర్ముయ్!" అంది ఆవిరక్క.

వంటింట్లో పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. ఎవరూ ఆపలేదు. టైమ్‌కీపర్ గ్లూకోజు సీసా బల్ల మీద ఠపీమని పెట్టి, తువ్వాలు కుర్చీ మీదకు విసిరేశాడు.

"సాయంత్రం ఆరింటికి వస్తాను. అప్పటికి ఒక్క రౌండైనా పరిగెత్తకపోతే రేపు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. నువ్వూ నీ అమ్మా మీ సంగతులు మీరు చూసుకోండి."

ఆయన వెళ్ళాక పిల్ల సీసా మూత తీసి గటగటా మొత్తం తాగేసింది. ఈమధ్య ఏది కనిపించినా అలాగే తాగుతోంది. రాత్రిళ్ళు రెండు మూడుసార్లు లేస్తోంది కూడా. ఒళ్ళు వేడి చేసిందని ఆవిరక్క అంతటితో వదిలేసింది.

*

గదిలో మంచం కింద ఎర్ర సంచీ ఉంది.

ఆసుపత్రిలో అంటువ్యాధుల వార్డు బట్టలు ఎర్ర సంచీలో వస్తాయి. వాటిని తక్కిన బట్టలతో కలపరు, చేత్తో తాకరు. ముందు క్రిముల్ని చంపే బ్లీచింగు మందునీళ్ళలో నానబెట్టాలి, తర్వాత మరిగించాలి. కొత్తగా చేరినవాళ్ళకు ఆవిరక్క నేర్పే మొదటి పాఠం అదే. కూతురు మూడు వారాల కిందట సిగ్గుపడుతూ వచ్చి, దురదగా ఉందమ్మా, తెల్లగా పెరుగు విరిగినట్టు అవుతోందమ్మా అని చెప్పినప్పుడు ఆవిడకు తెలిసిన వైద్యం కూడా అదొక్కటే. లాండ్రీ నుంచి ఒక ఎర్ర సంచీ తెచ్చింది. కూతురి లోదుస్తులన్నీ అందులో వేయించింది. మంచినీళ్ళ సీసాలో మందునీళ్ళు పట్టి తెచ్చి, రోజుకు రెండుసార్లు దానితో కడుక్కోమంది.

"సీసా అయిపోయిందే. ఇవాళ ఇంకోటి తెస్తాను," అంది ఆవిరక్క గుమ్మంలో నిలబడి.

"తేకు."

"మధ్యలో ఆపితే ముదురుతుంది."

"అమ్మా, అది పోసుకుంటే కారం పూసినట్టుంటోంది. చర్మం ఊడొస్తోంది. ఒంటికి వెళ్ళాలన్నా భయమేస్తోంది."

"మండుతోందంటే పని చేస్తోందన్నమాట."

"నేను దుప్పటినా?"

పిల్ల మంచం మీద ఒక పక్కకు ఒరిగి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని పడుకుంది. ఏ పక్కకు ఒరిగినా ఒక్క క్షణం కంటే నిలవలేకపోతోంది.

"డాక్టరుకు చూపించమ్మా. మూడు వారాల నుంచి అడుగుతున్నాను."

"ఎక్కడ చూపించను? నా ఆసుపత్రిలోనా? ఓపీ చీటీ రాసేవాడి దగ్గర్నుంచి ఊడ్చే మనిషి దాకా అందరూ నన్ను ఎరిగినవాళ్ళే. ఆవిరక్క కూతురికి ఏదో వచ్చిందట అంటే మధ్యాహ్నానికి ఆసుపత్రంతా పాకుతుంది. పెళ్ళి కావలసిన పిల్లవి."

"నువ్వు అనుకున్నదే వాళ్ళూ అనుకుంటారని భయం. అంతేగా?"

అది నిజం. పోయిన వారం ఆవిరక్క ఒక మాట అడిగింది. తల్లి కూతుర్ని అడగకూడని మాటేమీ కాదు, కానీ అడిగిన తీరు బాగాలేదు. "ఎవరితోనైనా తిరిగావా?" అంది. పిల్ల రెండు రోజులు మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ మందునీళ్ళతో కడుక్కుంటూనే ఉంది.

"రేపు నేను పరిగెత్తలేకపోతే," అంది పిల్ల గోడ వైపు తిరిగి, "నాన్న నన్ను బద్ధకస్తురాలు అనుకుంటాడు. జీవితాంతం అనుకుంటాడు. నేను చెప్పడానికి వీల్లేదు. నువ్వు చెప్పవు."

ఆవిరక్క తలుపు దగ్గరగా వేసి డ్యూటీకి బయల్దేరింది. దారంతా చేతిలో ఖాళీ సీసా ఉంది. పారేద్దామని రెండుసార్లు అనుకుంది, పారేయలేదు.

*

లాండ్రీలో మూడు పెద్ద డ్రమ్ములు తిరుగుతున్నాయి. ఒకరి మాట ఒకరికి వినబడాలంటే అరవాలి. ఆవిరక్క మందునీళ్ళ తొట్టి దగ్గర వంగి సీసా పడుతుంటే, వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి కుళాయి కట్టేసింది.

మడతల పిన్ని. దుప్పట్లు మడతపెట్టే బల్ల దగ్గర ముప్పై ఏళ్ళుగా నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగిపోయిన మనిషి. నోరు మాత్రం అరగలేదు.

"వారం నుంచి చూస్తున్నాను. రోజూ సీసా పట్టుకెళ్తున్నావు. ఇంట్లో ఎవర్ని ఉతుకుతున్నావే?"

"నేల తుడవడానికి పిన్నీ."

"ఎర్ర సంచీ కూడా నేలకేనా? మొన్న లెక్కలో ఒకటి తగ్గింది."

ఆవిరక్క కళ్ళు తిప్పుకుంది. పదిహేనేళ్ళుగా అందరికీ హుకుములిచ్చిన మనిషి, ఇప్పుడు కొంగు అంచు పట్టుకుని నలుపుతోంది. మడతల పిన్ని చెయ్యి పట్టుకుని ఇస్త్రీ గది వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ కాస్త చప్పుడు తక్కువ.

"పిల్లకి దురద," అంది ఆవిరక్క. ఆ ఒక్క మాట బయటపడటానికి తల ప్రాణం తోకకొచ్చింది. తర్వాతవి వాటంతటవే వచ్చాయి. దురద, మంట, తెల్లగా పోవడం, మందునీళ్ళు, సంచీ. చివరికి రేపటి పరుగు.

మడతల పిన్ని విన్నంతసేపూ విని, నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"నీ మొహం మండ! రక్తం మరకలు పోగొట్టే నీళ్ళు పిల్ల ఒంటి మీద పోశావా?"

"చాలా నీళ్ళు కలిపే..."

"ఎన్ని కలిపితే ఏంటే? ఆ తొట్టిలో చెయ్యి పెట్టాలంటే నువ్వే మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుంటావు. నీ కూతురికేం తొడిగావు?"

ఆవిరక్క తన చేతుల వైపు చూసుకుంది. తొడుగులు ఇంకా తియ్యలేదు.

"నాకొచ్చింది," అంది మడతల పిన్ని గొంతు తగ్గించి. "రెండుసార్లు. మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు, రెండోసారి ముసలితనంలో. నేనెవరితో తిరిగానే ఈ వయసులో? ఈ మోకాళ్ళతోనా? మూడో నంబరు గదిలో పొట్టి డాక్టరమ్మ ఉంది చూడు, ఆవిడ మందు రాసింది, వారంలో పోయింది. ఇప్పుడే పిల్లకి ఫోన్ చెయ్యి. చీటీ నేను తీసుకొస్తాను. ఎవరైనా అడిగితే నాకే దురదని చెబుతాను. నా పరువు ఎప్పుడో మడతపెట్టి బీరువాలో పెట్టేశాను."

ఆవిరక్కకు ఒకేసారి నవ్వూ ఏడుపూ వచ్చాయి. ఏడుపే గెలిచింది.

*

పొట్టి డాక్టరమ్మ పిల్లని తెర వెనక్కి తీసుకెళ్ళి చూసింది. బయట కుర్చీలో కూర్చున్న ఆవిరక్కకు మాటలు వినపడటం లేదు. ఒకసారి మాత్రం పిల్ల సన్నగా మూలిగింది. ఆవిరక్క కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది.

డాక్టరమ్మ చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. కోపంగా లేదు. కోపంగా ఉంటే బాగుండునని ఆవిరక్కకు అనిపించింది.

"దీన్ని ఈస్ట్ ఇన్ఫెక్షన్ అంటారమ్మా. బూజు జాతి. ఇది అందరి ఒంట్లోనూ కొంచెం ఉంటుంది, దాన్ని అదుపులో పెట్టే మంచి క్రిములు కూడా ఉంటాయి. తిరిగితే రాదు, తిరక్కపోతే ఆగదు. శుభ్రం లేకపోవడం వల్లా కాదు. మీరు చేసిన శుభ్రం వల్ల ఆ మంచి క్రిములు పోయాయి, పైన చర్మం కాలింది. ఇప్పుడు ఈ పిల్లకు రెండు బాధలు, ఒకటి దానంతటది వచ్చింది, ఒకటి మీరిచ్చింది."

ఆవిరక్క తల వంచుకుంది.

"ఇవాళ్టి నుంచి మందునీళ్ళు బంద్. అక్కడ సబ్బు కూడా వద్దు. మామూలు నీళ్ళతో మెల్లిగా కడిగి, మెత్తటి బట్టతో అద్దాలి, రుద్దకూడదు. వదులుగా నూలు బట్టలు వేసుకోవాలి. దురద పుట్టినప్పుడు గోకకుండా చన్నీళ్ళలో తడిపి పిండిన గుడ్డ పెట్టుకోమ్మా, కాస్త హాయిగా ఉంటుంది. ఈ మాత్రలు రాత్రిపూట లోపల పెట్టుకోవాలి, పైన ఈ క్రీము. తగ్గింది కదా అని మధ్యలో మానకూడదు." పిల్ల వైపు తిరిగింది. "పరిగెత్తాక చెమట బట్టలు వెంటనే మారుస్తావా?"

"లేదండి. నాన్న అట్నుంచి అటే కోచింగ్‌లో దించుతాడు. మధ్యాహ్నం దాకా అవే. మార్చుకునేంత టైము ఆయన లెక్కలో ఉండదు."

"నీ బట్టలు విడిగా ఉతుకుతారా?"

పిల్ల తల్లి వైపు చూడలేదు. "ఎర్ర సంచీలో వేస్తుందండి."

అది ఏ సంచీయో ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. డాక్టరమ్మ కలం పక్కన పెట్టి పిల్ల సన్నటి మణికట్టు వైపు చూసింది.

"దాహం ఎక్కువగా వేస్తోందా?" అంది.

"చాలా."

"రాత్రి ఒంటికి లేస్తున్నావా? బరువు తగ్గావా?"

"ఎనిమిది కిలోలు. పరిగెత్తుతున్నాను కదండీ."

"సరే. రక్తం ఇచ్చి వెళ్ళు. ఊరికే, ఒకసారి చూద్దాం."

ఆ "ఊరికే" అన్న మాట ఆవిరక్క నమ్మింది. నమ్మడమే తేలిక.

మడతల పిన్ని బల్ల వెనక ఒక బెంచీ ఉంది. పిల్ల ఇంటికి వెళ్ళేముందు గంటసేపు దాని మీద పడుకుంది. ఆవిరక్క బీరువాలోంచి అన్నిటికంటే పాతబడిన, మెత్తబడిన తెల్లగుడ్డ ఏరి చన్నీళ్ళలో తడిపి తెచ్చింది. అడ్డంగా దుప్పటి పట్టుకుని నిలబడింది. పిల్ల ఒళ్ళు మెల్లగా వదులైంది. మోకాళ్ళు చాపుకుంది. కళ్ళు మూసుకుంది.

"అమ్మా."

"ఊఁ."

"ఇదేదో మొదటి రోజే చేసుండొచ్చుగా."

అందులో దెప్పిపొడుపు లేదు. నిద్రలోకి జారుతూ అన్న మాట. ఆ డ్రమ్ముల చప్పుళ్ళలో కూడా పిల్ల నోరు తెరుచుకుని నిద్రపోయింది, చిన్నప్పుడు పోయినట్టే. ఆవిరక్క దుప్పటి పట్టుకుని అలాగే నిలబడింది. చేతులు లాగుతున్నా దించలేదు.

*

సాయంత్రం ఐదున్నరకు డాక్టరమ్మ తనే లాండ్రీకి వచ్చింది. డాక్టర్లు అక్కడికి రారు. ఆమెని గుమ్మంలో చూడగానే మడతల పిన్ని చేతిలో దుప్పటి ఆగిపోయింది.

"షుగర్ నాలుగు వందల పన్నెండు ఉందమ్మా," అంది డాక్టరమ్మ, కాగితం అందిస్తూ.

"ఎవరికి?"

ఆ ప్రశ్న ఎంత తెలివితక్కువదో అడిగాకే తెలిసింది.

"ఈ వయసు పిల్లల్లో వచ్చే రకం అనుకుంటున్నాను. ఇంకా పరీక్షలు చెయ్యాలి. ఫంగస్ వదలకపోవడం, దాహం, బరువు తగ్గడం, అన్నిటికీ మూలం అదే. బూజుకు తీపి దొరికితే ఇంక వదుల్తుందా? ఈ సాయంత్రమే తీసుకొచ్చి చేర్పించండి. ఇన్సులిన్ మొదలుపెట్టాలి."

"రేపు పొద్దున దానికి..."

"తెలుసు, చెప్పింది. కుదరదమ్మా. ఈ ఒంటితో పరిగెత్తకూడదు. పడిపోతుంది. పడితే మామూలుగా ఉండదు."

"వచ్చే ఏడాది?"

"ఆ ఉద్యోగం వాళ్ళ నియమాలు నాకు తెలీవు. ముందు పిల్లని తీసుకురండి."

ఆవిరక్క కాగితం నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుంది. ఇంటికి ఫోన్ చెయ్యాలని నంబరు నొక్కి, మోగకముందే కట్టేసింది. ఫోన్లో చెప్పే మాట కాదు. దాహం వేస్తోందమ్మా అన్న రోజు తను ఏమంది? నీళ్ళు ఎక్కువ తాగి లేచి లేచి నా నిద్ర చెడగొడుతున్నావంది. ఆ మాట దారి పొడుగునా వెంటే వచ్చింది.

*

గేటు పక్కన చెత్తబుట్టలో ఎర్ర సంచీ ఉంది. నీటుగా మడతపెట్టి మరీ పారేసింది పిల్ల. తన కూతురే, సందేహం లేదు.

లోపలి నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఆ ఇంట్లో నవ్వులు విని చాలా రోజులైంది. ఆవిరక్క గుమ్మంలో ఆగిపోయింది.

పిల్ల కుర్చీలో కూర్చుని ఉంది. కుర్చీలో, మామూలుగా, రెండు కాళ్ళూ నేల మీద ఆనించి. తల్లి పాత నూలు పైజామా వేసుకుని, కుడికాలి బూటు లేసు కట్టుకుంటోంది.

"అమ్మా, చూడు! కూర్చోగలుగుతున్నాను. మంట సగం పోయింది. ఇంకా ఉందనుకో, కానీ పళ్ళు బిగిస్తే ఎనిమిది నిమిషాలు లాగేస్తాను."

"గుర్రం లేచింది," అన్నాడు టైమ్‌కీపర్. పొద్దుటి కోపం ఆనవాలు కూడా లేదు. బల్ల దగ్గర నిలబడి గ్లాసులో చెంచా తిప్పుతున్నాడు. "డాక్టరు దగ్గరికి వెళ్ళారటగా, ముందే వెళ్ళి ఏడవచ్చుగా? సరేలే. ఇప్పుడొక మెల్లటి రౌండు, రేపటికి కాళ్ళు తేలికపడతాయి. ఇదిగో తల్లీ, తాగు. ఇవాళ మూడు చెంచాలు వేశాను గ్లూకోజు. బలం ఉంటుంది."

పిల్ల రెండు చేతులూ చాపింది. ఆ దాహం కళ్ళలో కనిపిస్తోంది.

ఆవిరక్క రెండు అంగల్లో వెళ్ళి గ్లాసు లాక్కుంది.

"ఏమే, పిచ్చెక్కిందా?"

ఆవిడ గ్లాసు తీసుకెళ్ళి సింకులో ఒంపేసింది. డబ్బాలో ఉన్న గ్లూకోజు పొడి కూడా ఒంపేసి కుళాయి తిప్పింది. వెనక్కి తిరిగేసరికి పిల్ల కళ్ళు తల్లి గుప్పిట్లో ఉన్న కాగితం మీద ఉన్నాయి.

"అమ్మా, అది రేపు చెప్పు."

"ఇప్పుడే చెప్పాలే."

"వద్దు. ఏదున్నా సరే. రేపు పరిగెత్తి వచ్చాక చెప్పు. ఒక్క రాత్రి, ఎనిమిది నిమిషాలు. ఆగలేవా? నువ్వు మూడు వారాలు ఆగమన్నావు. నేను ఆగాను."

ఆవిరక్క కుళాయి కట్టేసింది. ఆ పిల్ల అడుగుతున్నది న్యాయమే. నోరు మూసుకోవడం ఎలాగో ఇంట్లో నేర్పింది తనే. కానీ ఇప్పుడు తను నోరు మూసుకుంటే పిల్ల దక్కదు.

"ఏమండీ, కూర్చోండి," అంది. "పొద్దున ఆడవాళ్ళ సంగతన్నాను. అదేంటో చెబుతాను, వినండి."

చెప్పింది. దురద ఎక్కడో, మంట ఎందుకో, తెల్లగా పోవడమంటే ఏమిటో, తను ఏం తెచ్చి ఏం పోసిందో, అడగకూడని విధంగా ఏం అడిగిందో, ఒక్కటీ దాచకుండా చెప్పింది. ఆయన మొదట తల దించుకున్నాడు. తర్వాత దించిన తల ఎత్తలేకపోయాడు. చివరికి ఆవిడ కాగితం విప్పి అంకె చదివింది. డాక్టరమ్మ అన్న మాటలు అన్నట్టే చెప్పింది.

"షుగరా?" అన్నాడాయన. "దీనికా? రోజూ నేను..." సింకు వైపు చూశాడు. ఖాళీ డబ్బా వైపు చూశాడు.

"బండి తియ్యండి. ఇప్పుడే వెళ్ళాలి."

ఆయన కదల్లేదు.

పిల్ల ఏడవలేదు. అరవలేదు. వంగి ఎడమకాలి లేసు కూడా లాగి గట్టిగా ముడి వేసుకుంది. లేచి నిలబడింది.

"రేపు లేదుగా," అంది. "అయితే ఇవాళే."

"ఆగవే!"

ఆవిరక్క చెయ్యి చాపేలోపు పిల్ల గుమ్మం దాటింది, గేటు దాటింది. క్వార్టర్స్ గోడ పక్కనుంచి ఆ పొడుగు కాళ్ళు సాగిపోతున్నాయి. టైమ్‌కీపర్ వెనకే వచ్చాడు. ఆయన బొటనవేలు అలవాటు కొద్దీ స్టాప్‌వాచ్ నొక్కేసింది.

"ఆపండి దాన్ని! పడిపోతుందన్నారు!"

ఇద్దరూ గేటు బయటికి వచ్చేసరికి పిల్ల మొదటి మలుపు తిరిగిపోయింది. ఎటు పరిగెత్తి పట్టుకుంటారు? ఆ పిల్లను పట్టుకునే కాళ్ళు ఆ వీధిలోనే లేవు. ఆయన స్కూటర్ తాళంచెవి కోసం జేబులు తడుముకున్నాడు. లోపల ఉండిపోయింది. పరిగెత్తి వెళ్ళి తెచ్చేసరికి అవతలి మలుపులోంచి పిల్ల రానే వచ్చింది. మొహం ఎర్రగా, నోరు తెరుచుకుని, ఎవరినీ చూడకుండా గేటు ముందు నుంచి దూసుకుపోయింది.

"ఒకటీ ముప్పై ఆరు," అన్నాడు ఆయన. మాట దానంతటదే వచ్చింది. పదకొండు నెలల్లో ఎప్పుడూ రాని టైము అది.

స్కూటర్ మొదటి తన్నుకు కదల్లేదు. రెండోదానికీ కదల్లేదు. ఆవిరక్క రోడ్డు మధ్యలో చేతులు చాపి నిలబడింది. ఈసారి వస్తే మీద పడైనా పట్టుకుంటాను అనుకుంది.

పిల్ల వచ్చింది. ఈసారి అడుగులు పక్కకు పడుతున్నాయి. తల్లి చేతుల కిందనుంచి వంగి తప్పించుకుంది. తప్పించుకుంటూ తల్లి మొహంలోకి చూసింది. ఏదో అనబోయింది. ఊపిరి చాలలేదు.

"మూడూ నలభై," అన్నాడు టైమ్‌కీపర్. "రెండు రౌండ్లయ్యాయి."

ఇంకో పది తన్నులు తన్నాక స్కూటర్ అంటుకుంది. ఆయన దాన్ని తిప్పి ఎదురు దిక్కుగా, అవతలి మలుపు వైపు పోనిచ్చాడు. వెళ్తూ స్టాప్‌వాచ్ మెడలోంచి తీసి భార్య చేతిలో పెట్టాడు, ఎందుకో ఆయనకే తెలీదు.

ఆవిరక్క చేతిలో ముల్లు తిరుగుతూనే ఉంది. ఐదు నిమిషాలు దాటింది. ఐదున్నర. పిల్ల ఏ క్షణానైనా మలుపులోంచి రావాలి. ఆరు. రాలేదు.

క్వార్టర్స్ వెనక ఎక్కడో స్కూటర్ చప్పుడు టక్కున ఆగిపోయింది.

ఆవిరక్క చెప్పులు వదిలేసి మలుపు వైపు పరిగెత్తింది.